నలభై రెండు జతల కళ్ళు

గట్టుప్పల్,
6 ఆగస్టు 2017, ఆదివారం.

మనస్వినికి,

మీ వదిన మంజుల రాసేది. తప్పులుంటే మన్నించు. ఒత్తు ఎక్కడ పెట్టాలో అయిదో తరగతిలోనే సరిగా తెలియదు, ఆ తరవాత బడికి పోలేదు. అక్షరాలు కూడా వరసగా నిలబడవు. రోజంతా మగ్గం పనికి ఆసు చట్రం మీద దారం అటూ ఇటూ తిప్పీ తిప్పీ నా చెయ్యి కాగితం మీద కూడా అట్లాగే తిరుగుతుంది. అర్థం కానిచోట నన్ను అడుగు, నీకు తోచింది అనుకోవద్దు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోను అత్తమ్మ దగ్గర ఉంటుంది. అందరికీ వినపడేటట్టు నొక్కి అరుగు మీద పెడుతుంది. నేను హలో అనేలోపు పక్కింటి భిక్షం మామ నీ చదువు సంగతి, తిండి సంగతి అన్నీ అడిగేస్తాడు. మీ హాస్టల్లోనేమో ఫోన్లు ఆదివారం ఒక గంటే ఇస్తారాయె. అందుకే ఉత్తరం.

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం అందింది. అవయవదానం మీద కాలేజీ పిల్లలు ఏమనుకుంటున్నారో రాసుకురమ్మని మీ నర్సింగు సార్లు చెప్పారన్నావు. ముందు తక్కువ చదివినవాళ్ళకు అర్థమవుతుందో లేదో చూడాలని నాకు పంపానన్నావు. ఆ పనికి ఈ ఊళ్ళో నాకంటే తగినవాళ్ళు దొరకరు. పదింటిలో తొమ్మిది అర్థమయ్యాయి. ఏడోదే తిరకాసుగా ఉంది. "వద్దు అని రాసివ్వని ప్రతివారూ ఒప్పుకున్నట్టే అని చట్టం చేస్తే మీరు సమ్మతిస్తారా?" మూడుసార్లు చదివాను. నాలుగోసారి నవ్వొచ్చింది. ఆ చట్టం మన ఇంట్లో నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ నడుస్తోంది కదా.

వచ్చిన మొదటి వారం అత్తమ్మ కాకరకాయ వడ్డించింది. కొత్త కోడల్ని, వద్దనలేక తిన్నాను. "పిల్లకు కాకరకాయంటె పానం" అన్నది. నేను ఊరుకున్నాను. మూడేళ్ళ నుంచి గురువారం గురువారం నాకు కాకరకాయ పులుసు. అత్తమ్మ మా అమ్మకు కూడా ఫోను చేసి చెప్పింది కాబట్టి పుట్టింటికి పోయినా అదే. పోయిన ఏడు కంసాలాయన వచ్చినప్పుడు నాకు ముక్కు రెండోవైపు కూడా కుట్టించారు. ఆయన "పిల్ల ఏమంటదో" అని ఆగితే, "ఏమంటది, ఊకున్నది గద, ఒప్పుకున్నట్టే" అన్నది అత్తమ్మ. మౌనం అర్ధాంగీకారమని మా బడిలో పంతులు చెప్పేవారు. మిగతా సగం ఎవరిని అడగాలో ఆయన చెప్పలేదు.

ఇంకో సంగతి. నీ ఉత్తరాన్ని మీ అన్న అన్నం తింటూ పైకి చదివారు. "మా హాస్టల్లో అరవై మందిలో నలభై రెండు మంది కళ్ళు ఇస్తామని సంతకాలు పెట్టారు" అన్నచోట పప్పు ఒలికి ఆపేశారు. ఆ మాట వినగానే మామయ్య మగ్గం ఆపారు. రెండేళ్ళ కింద మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఎగిరి తగిలినప్పటి నుంచీ ఆయన కుడికంట్లో పువ్వు ఉంది కదా. పట్నం కంటి దవాఖానలో ఏడాది కింద పేరు రాయించుకున్నారు. "ఎవరైనా కన్ను దానం చేస్తే కబురు చేస్తాం" అన్నారట డాక్టరు. అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు.

"మన పిల్లనే దొరకబట్టింది సూడు. నలభై రెండు మంది" అన్నారు మామయ్య.

"అంటె ఎనభై నాలుగు కండ్లు" అన్నది అత్తమ్మ.

"మనకు ఒక్కటే గావాలె. అందరియి ఏం జేసుకుంటం."

"రక్తమిచ్చినట్టు ఒకటిచ్చి ఒకటి ఉంచుకుంటరేమో. పాపం, పెండ్లిగాని పిల్లలు."

వాళ్ళు ఇప్పుడే ఇచ్చేస్తారని వీళ్ళు అనుకుంటున్నారేమోనని నాకు అనుమానంగా ఉంది. సరిగా వివరించి రాయి.

నీ వదిన,
మంజుల.


నల్లగొండ,
12 ఆగస్టు 2017.

వదినకు,

నీ అక్షరాలకేం, మా సార్ బోర్డు మీద రాసేదానికంటే నయం. కాకరకాయ సంగతి చదివి మా గదిలో అందరం కడుపు పట్టుకుని నవ్వాం. అది నీకు ఇష్టమని నేను కూడా ఇన్నాళ్ళూ నా ముక్కలు నీ కంచంలో వేశాను. పాపం నాది కూడా.

చనిపోయాకే వదినా. బతికున్నవాళ్ళ కన్ను ఎవరూ తీయరు. పోయినవాళ్ళ కంటి మీది పల్చటి పొర తీసి, పువ్వు పడిన కంటికి కుడతారు. ఏడాది నుంచి ఎదురుచూస్తున్న బాపుకు ఆ సంగతి తెలియదని నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వు ఇంట్లోనే ఉంటావు కాబట్టి నెమ్మదిగా చెప్పు.

మా పిల్లల జవాబులు చూస్తే నీకు మతిపోతుంది. ఒకమ్మాయి కళ్ళు, గుండె, కాలేయం అన్నీ ఇస్తానని రాసి, జడ మాత్రం ఇవ్వనని కింద గీత గీసింది. ఇంకొకామె "వచ్చే జన్మలో గుడ్డిదాన్నై పుడితే మీ కాలేజీదే బాధ్యతా" అని అడిగింది. నా గుండె మగవాడికి పెడితే మా నాయిన ఊరుకోడని ఒకామె బెంగ. నా పక్క మంచం మెర్సీ, అచ్చంపేట పిల్ల, వాళ్ళ పాస్టరును అడిగి వచ్చింది. మట్టితో మనిషిని చేసినవాడు ఒక కన్ను తక్కువైతే తడబడతాడా అన్నాడట ఆయన. వెంటనే సంతకం పెట్టింది.

అసలు వింత ఏడో ప్రశ్న దగ్గర. ఇస్తామన్నవాళ్ళు నలభై రెండు మంది. వాళ్ళనే "మీరు వద్దని రాయకపోతే ఒప్పుకున్నట్టు లెక్కేసుకోవచ్చా" అని అడిగితే పదకొండు మందే సరే అన్నారు. మిగతావాళ్ళు నన్ను కొట్టడానికి వచ్చారు. "అడిగితే గుండె కోసిస్త. అడగకుంట గోరు ముట్టినా ఊకోను" అన్నది మా లీడరు పిల్ల. కొన్ని దేశాల్లో అట్లాంటి చట్టం ఉందని, దానివల్ల ఎంతోమంది బతకొచ్చని చెప్పినా వినలేదు. నాకు మాత్రం ఆ చట్టమే మంచిదనిపిస్తుంది. మన జనం మంచిపని చెయ్యాలని ఉన్నా కాగితం నింపడానికి బద్ధకిస్తారు.

నీ జవాబు ఏమిటో కాకరకాయ లేకుండా రాయి.

నీ మనస్విని.


గట్టుప్పల్,
19 ఆగస్టు 2017, శనివారం.

మనస్వినికి,

నువ్వు చెప్పమన్నావు. ప్రయత్నించాను. ఎట్లా ప్రయత్నించానో రాస్తాను, తిట్టకు.

మామయ్యతో నేను నేరుగా మాట్లాడనని నీకు తెలుసు. అన్నానికి పిలవాలన్నా మగ్గం గదిలో గుంజ పక్కన నిలబడి గుంజకు చెబుతాను. "గుంజా, అన్నం పెట్టిన" అంటే ఆయన లేచి వస్తారు. మూడేళ్ళుగా అట్లాగే గడిచింది. మంగళవారం కూడా గుంజ దగ్గరికే పోయి, "గుంజా, కండ్లు సచ్చినంకనే ఇస్తరంట" అన్నాను. మగ్గం చప్పుడులో ఆయనకు వినపడలేదు. వంటింట్లోంచి అత్తమ్మకు వినపడింది. "గుంజకు కండ్లెందుకు పిల్లా?" అన్నది. నేను బయటికి వచ్చేశాను.

మీ అన్నకు చెప్పాను. "నేను జెప్తె మా అమ్మ వంద మాటలు అడుగుతది. నువ్వే జెప్పు" అని అటు తిరిగి పడుకున్నారు.

నిన్న అత్తమ్మ నూనెలో తీపి గరిజెలు కాలుస్తూ నన్నే సూటిగా అడిగింది. "ఏం పిల్లా, గా పిల్లలు మనసుపూర్తిగనే ఇస్తున్నరు గద?" నోరు తెరిచాను. పొగకు దగ్గొచ్చింది. దగ్గు ఆగేసరికి ఆమె మామయ్య దగ్గరికి పోయి చెబుతోంది. "మన కోడలు గూడ అవునన్నది. చదువుకున్నది, తప్పైతె చెప్పకపోవునా?" అయిదో తరగతికి ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు.

ఇద్దరూ ఈ పొద్దున మొదటి బస్సుకు మీ హాస్టలుకు బయలుదేరారు. రెండు డబ్బాల గరిజెలు, ఒక సూది, సన్నపు పట్టుదారం తీసుకుపోయారు. సూది ఎందుకో నాకు తెలియదు.

ఈ ఉత్తరం అందేసరికి వాళ్ళు వచ్చి పోయుంటారు. అయినా రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇవాళ నాకు అన్నం దిగేటట్టు లేదు.

మంజుల.


నల్లగొండ,
20 ఆగస్టు 2017.

వదినా,

నీకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదు?

జరిగింది విను. నిన్న పదిన్నరకు మా వార్డెను వసంతలక్ష్మి మేడం ముందర అమ్మ గరిజెల డబ్బా తెరిచి, "పిల్లల్ని సూసిపోదామని వచ్చినం" అన్నదట. పెళ్ళిచూపులనుకుంది మేడం.

"ఏ అమ్మాయిని చూస్తారు?"

"నలభై రెండు మందిని సూస్తం. మాకు ఒక్కటి సాలు."

"అబ్బాయి ఏం చేస్తాడు?"

"మగ్గం నేస్తడు. గీయనే."

"వయసెంత?"

"వచ్చే ఉగాదికి అరవై నిండుతయి. గా ఒక్కటి దొరికితె ఇంక పదేండ్లు నేస్తడు" అని అమ్మ ఆనందంగా చెప్పిందట. మేడం కుర్చీలో కూలబడి వాచ్‌మన్‌ను కేకేసింది. అతను ఊరికి పోయినందువల్ల ఎవరూ రాలేదు.

ఈలోగా అమ్మ చెట్టు కింద పిల్లల్ని వరస పెట్టింది. ఒక్కొక్క పిల్లకు సూదీ దారం ఇచ్చి ఎక్కించమంది. అది నర్సింగుకు సంబంధించిన పరీక్షేమో అనుకుని పిల్లలు పోటీపడి ఎక్కించారు. ఎక్కించినవాళ్ళకు గరిజె, ఎక్కించనివాళ్ళకు సగం గరిజె. బాపు అమ్మ వెనక నిలబడి అందరి కళ్ళలోకీ చూశాడు. మెర్సీ ఒక్కసారికే ఎక్కించింది. ఆమెను కూర్చోబెట్టి అడిగాడు.

"బిడ్డా, ఎక్కువ ఏడుస్తవా?"

"పరీక్షలప్పుడే పెద్దనాయినా."

"గంతే గద, పర్వలేదు. గా తాటిచెట్టు మీద ఏమున్నది?"

"రెండు చిలుకలున్నయి. ఒకటి పిల్లది."

అడవి పక్క పిల్ల కదా, దాని చూపు అట్లాంటిది. బాపు ముఖం వెలిగిపోయింది. మెర్సీ తల మీద చెయ్యి పెట్టి, "కన్నిచ్చినంక నీ పెండ్లికి పట్టుచీర నేనే నేస్త బిడ్డా. ఏ కన్నిస్తవో నీ ఇష్టం" అన్నాడు.

మెర్సీ అరుపుకు నేను స్నానాల గదిలోంచి సబ్బుతోనే పరుగెత్తాను. అందరి ముందూ చెప్పేశాను. "సచ్చినంకనే బాపూ, ఎవరిదైనా సచ్చినంకనే."

బాపు మెర్సీకి రెండు చేతులూ జోడించి, "తప్పైంది బిడ్డా. నూరేండ్లు బతుకు" అన్నాడు. నావైపు చూడకుండా గేటు దాటి పోయాడు. అమ్మ మాత్రం డబ్బాలు ఖాళీ అయ్యేదాకా ఉంది.

ఆ పోవడం చూడలేకపోయాను వదినా. ఇంట్లో ఎట్లా ఉన్నాడో రాయి.

మనస్విని.


గట్టుప్పల్,
26 ఆగస్టు 2017.

మనస్వినికి,

చెప్పలేదు, నాదే తప్పు. నా ముందటి ఉత్తరం నీకు అంది ఉంటుంది. అందులో రాసినవన్నీ సాకులే.

మామయ్య ఇంటికి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, "ఏడాది సంది నేను ఎవలో సావాల్నని ఎదురుసూస్తున్ననా?" అన్నారు. అత్తమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"రోజు పొద్దుగాల లేసి ఫోను సూస్తుంటి. కబురు రాలే, కబురు రాలే అనుకుంటి. రాలేదంటె ఎవలో బతికున్నరన్నట్టు గద. నాకు గా కన్నొద్దు. పేరు కొట్టెయ్యమను."

మీ అన్న ఇంకా ఫోను చెయ్యలేదు. రేపు చేస్తానంటున్నారు, రోజూ రేపే. ఆయన బద్ధకం ఒక్కోసారి మంచిదే.

మగ్గం సంగతి చెబితే బాధపడతావు. ఇన్నాళ్ళూ ఎడమకన్నుతో నెట్టుకొచ్చారు, ఇప్పుడు తెగిన పోగు మామయ్యకు కనపడటం లేదు. మొన్న నేసిన రెండు మూరల్లో ఏనుగు తొండం తోక వైపు వచ్చింది. భిక్షం మామ చూసి "కొత్త డిజైనా?" అన్నాడు. ఆయన మగ్గం మీద గుడ్డ కప్పారు. నలభై ఏళ్ళలో పండగ కాని రోజు మగ్గం మీద గుడ్డ కప్పడం ఇదే మొదటిసారట. ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఎడమకన్నుతో రోడ్డు చూస్తుంటారు.

అత్తమ్మ పట్టుదల ఇంకోరకం. "పుట్టినప్పుడు ఏమేం తెచ్చుకున్ననో అన్ని తీస్కపోత. నా ఒంటి మీద ఎవలన్న చెయ్యి పెడితె లేసి కూసుంట" అంటోంది. కూర్చుంటుందనే నా నమ్మకం.

ఒకటి అడుగుతాను. మామయ్య ఇట్లా కూడా అన్నారు: "గా సచ్చినాయిన ఇస్తనన్నడో లేదో. ఊకున్నడని తీసుకున్నరేమో." మన దగ్గర ఎట్లా తీసుకుంటారు? ఊరుకున్నా తీసుకుంటారా? త్వరగా రాయి. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నాకు నా అడుగుల చప్పుడే వినపడుతోంది.

మంజుల.


నల్లగొండ,
30 ఆగస్టు 2017.

వదినా,

కోపం పోయింది. నువ్వు తప్పు ఒప్పుకుంటే నాకే భయమేసింది.

మన దగ్గర ఊరుకుంటే తీసుకోరు. పోయినాయన బతికుండగా సంతకం పెట్టినా సరే, ఇంట్లోవాళ్ళను అడుగుతారు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు సరే అని చెప్పి, కాగితం మీద పెడితేనే తీసుకుంటారు. కొన్ని గంటల్లోపు తీయాలి కాబట్టి ఏడుపు మధ్యలోనే అడుగుతారు. పోయిన నెల మా దవాఖాన డ్యూటీలో అట్లా అడగడం చూశాను. సిస్టరమ్మ పోయినాయన భార్య పక్కన నేల మీద కూర్చుని అడిగింది. ఆ ఇల్లాలు సరే అన్నది.

బాపు ఎదురుచూసినందుకు ఎవరూ చావరు. చావు బాపును అడిగి రాదు. వచ్చాక ఆ కన్ను మట్టిలో కలవాలా, ఇంకొకరికి చూపు కావాలా అన్నదే ఉన్న ప్రశ్న.

ఆదివారం నేను ఫోను చేస్తే బాపు మాట్లాడడం లేదు. నువ్వే చెప్పాలి. గుంజకు కాదు.

ఒప్పుకున్నవాళ్ళు నింపే కాగితాలు రెండు ఇందులో పెట్టాను. ఊరికే, నీకు చూపిద్దామని.

మనస్విని.


గట్టుప్పల్,
17 సెప్టెంబరు 2017, ఆదివారం.

మనస్వినికి,

ఆపరేషను అయిన సంగతి నీకు తెలుసు, దవాఖానకు వచ్చి చూశావు. అక్కడ అందరూ ఉండడంతో అసలు కథ చెప్పలేదు. మీ అన్న చెప్పింది నమ్మకు, ఆయన అప్పుడు నేల చూస్తున్నారు.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు రోజూ చెబుదామని లేచేదాన్ని. మామయ్య ముందుకు పోగానే నీళ్ళ చెంబు అక్కడ పెట్టి వెనక్కి వచ్చేదాన్ని. అయిదో రోజు పొద్దున, నేను అరుగు మీద ఆసు పోస్తుండగా ఫోను మోగింది. కంటి దవాఖాన నుంచి. అత్తమ్మ ఎప్పటిలాగే అందరికీ వినపడేటట్టు నొక్కి పెట్టింది. కన్ను దొరికిందని, రేపు పొద్దున తొమ్మిదింటికల్లా రావాలని, రాకపోతే తరవాతి పేరు పిలుస్తామని ఒక మేడం చెప్పింది.

"వద్దని చెప్పు" అన్నారు మామయ్య.

"నువ్వేమంటవ్ కొడుకా?" అన్నది అత్తమ్మ. మీ అన్న నేల చూశారు.

"కోడలు పిల్ల ఏమంటది?" అని గోడ మీద నుంచి భిక్షం మామ.

"ఏమంటది, ఊకున్నది గద. ఆమె గూడ వద్దన్నట్టే" అని అత్తమ్మ ఫోను అందుకుంది.

గుంజ కోసం చూశాను. అది లోపల గదిలో ఉంది. అరుగు మీద మామయ్య ముఖం తప్ప ఇంకేమీ లేదు.

"నేను వద్దనలే" అన్నాను.

మనస్వినీ, గొంతు ఎంత పెట్టాలో నాకు అలవాటు లేదు. చాలా గట్టిగా వచ్చింది. వాడలో మగ్గాలు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి. భిక్షం మామ గోడ మీద నుంచి అటువైపు జారాడు. అంత దూరం వచ్చాక ఇక ఆపడం కూడా చేతకాలేదు.

"ఎవలన్న సావాల్నని మీరు కోరలే మామయ్యా. గాయన ఎట్లన్న పోయిండు. గా ఇంట్ల పీనుగు ముందట కూసోని ఏడ్సుకుంట గూడ ఒకలు నోరు తెరిసి ఇస్తమన్నరు. ఊకుంటె ఎవలు ఏమనకపోదురు. గంత కష్టపడి చెప్పిన మాటను మనం సల్లగ అరుగు మీద కూసోని వద్దంటమా?"

జవాబు చెప్పింది ఫోను. అది ఇంకా తెగలేదు.

"అమ్మా, మీరు చెప్పింది వినపడింది" అన్నది ఆ మేడం. "కానీ మీరు చెబితే సరిపోదు. పేషంటు తన నోటితో చెప్పాలి."

మామయ్య నావైపు తిరిగారు. "నీకు మాటలొస్తయానె?" అన్నారు. వస్తాయని తలూపబోయి, ఆగి, "వస్తయి మామయ్యా" అన్నాను. ఆయన ఫోను దగ్గరికి వంగి, "వస్తున్న అమ్మా" అన్నారు. ఆ తరవాత గొంతు సరిచేసుకుని ఇంకోసారి అన్నారు, మొదటిది సరిగా వినపడలేదేమోనని.

ఇప్పుడు పొద్దున పూట కుడికంటితో కిటికీ చువ్వలు కనపడుతున్నాయంటున్నారు. అంతా మంచులోంచి చూసినట్టుందట. తేటపడడానికి నెలలు పడుతుందని, అందాకా మగ్గం ఎక్కొద్దని డాక్టరు చెప్పారు. ఆ ఇంటివాళ్ళ పేరు అడిగితే దవాఖానలో చెప్పలేదు. అందుకని లేవగానే నాలుగు దిక్కులకూ దండం పెడుతున్నారు, ఏదో ఒకవైపు ఉంటారని. నేనూ ఆయనా ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నాం. ఎక్కువేమీ కాదు. మందు పోసే వేళ "పొయ్యాలె" అంటాను, "పొయ్యి" అంటారు. భిక్షం మామతో మాత్రం, "మా కోడలు మాట్లాడది. మాట్లాడితె పట్నందాక ఇనవడతది" అని చెప్పుకుంటున్నారు.

నీ ఏడో ప్రశ్నకు నా జవాబు రాసుకో. ఒప్పుకోను. నేను చనిపోయాక నా కళ్ళు ఇస్తాను, అది కూడా రాసుకో. ఊరుకున్నందుకు కాదు, నేను చెప్పినందుకు. నువ్వు పంపిన రెండు కాగితాల్లో ఒకటి నింపి ఇందులో పెట్టాను. సాక్షి సంతకం మీ అన్నదే. చదవకుండానే పెట్టారు, కాబట్టి నేనే చదివి వినిపించి మళ్ళీ పెట్టించాను.

రెండో కాగితం సంగతి రహస్యం. నిన్న గిన్నెలు తోముతుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"గా కాయితం ఇంకొకటున్నదానె?"

"ఉన్నది అత్తమ్మా."

"నా పేరు రాయి. కండ్లు రాయి. గుండె గూడ రాయి, గట్టిగనే ఉన్నది. నాలిక మాత్రం రాయకు. నాలిక ఇయ్య."

"నాలిక ఎవలు అడుగరు అత్తమ్మా."

"ఎందుకడుగరు?" అని ఆమె చిన్నబుచ్చుకుంది. "ఇన్నేండ్లు వాడిన, ఒక్కనాడన్న ఆగిందా?"

వేలిముద్ర వేసి, చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, అటూ ఇటూ చూసింది. "మనస్వినికి చెప్పకు. ఒంటి మీద చెయ్యి పెడితె లేసి కూసుంటనన్న, గిప్పుడు ఇస్తనంటె అది హాస్టలంత నవ్వుతది. చెప్పవు గద?"

నేను ఊరుకున్నాను.

"చెప్పవు గద?" అని మళ్ళీ అడిగింది.

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. ఒప్పుకున్నాననుకుని నిశ్చింతగా లేచి పోయింది.

ఆ కాగితం కూడా ఇందులోనే ఉంది. కాగితాలు రెండూ జాగ్రత్తగా దాచు. ఈ ఉత్తరం మాత్రం చదవగానే కాల్చెయ్యి.

నీ వదిన,
మంజుల.